దొంగలకు మంచినీళ్లిచ్చే అరబా అవ్వ

అరబా మన్సా అవ్వకి ఉన్న జబ్బు ఒక్కటే. ఫోన్‌లో ఎవరు పలికినా ముందు వాళ్లకి మంచినీళ్లిస్తుంది.

అలంకారంగా అంటున్న మాట కాదిది. ఫోను మోగుతుంది. అవ్వ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, "వచ్చావా నాయనా, ఉండుండు, ఎండన పడి వచ్చావు" అంటుంది. ఫోన్‌ని బల్ల మీద వెల్లకిలా పడుకోబెడుతుంది. మోకాళ్లని తిట్టుకుంటూ లేస్తుంది. వసారా మూలనున్న కుండలోంచి గ్లాసుడు నీళ్లు ముంచి తెచ్చి ఫోను పక్కన పెడుతుంది. మామూలు మనిషికి గ్లాసుడు నీళ్లు తాగడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ చేతులు ఒళ్లో పెట్టుకుని మౌనంగా కూర్చుంటుంది. అవతలివాడు "హలో, హలో" అని గొంతు చించుకుంటూనే ఉంటాడు. నీళ్లు తాగుతున్నవాణ్ణి మాట్లాడించడం పాపం కనక అవ్వ పలకదు.

ఆ తరవాత నిదానంగా మొదలుపెడుతుంది.

"మా వైపంతా చల్లగానే ఉంది. దారిన పడి వచ్చినవాడివి నువ్వు. చెప్పు, ఏం పని మీద వచ్చావు?"

చేపలరేవైన మా అనోమాబోలో గడప తొక్కిన ప్రతి మనిషినీ ఇలాగే అడుగుతారు. నీళ్లివ్వకుండా పని అడిగేది పోలీసులూ పన్నులవాళ్లూ మాత్రమే. అందులో వింత లేదు. ఈ మర్యాద గడపకే గాని ఫోనుకి కాదని ఊరంతా ఒప్పుకున్నా అవ్వ ఒప్పుకోకపోవడమే వింత.

"గొంతు ఇంట్లోకొచ్చిందా లేదా?" అంటుంది.

"గొంతొచ్చింది గాని మనిషి రాలేదు కదవ్వా!"

"వెనకాల వస్తున్నాడేమో, నీకేం తెలుసు మాస్టారూ?"

"ఇలా వచ్చినవాడికల్లా నీళ్లిచ్చే కదా, ఆ ఒడ్డున తెల్లవాళ్ల చేత కోట కట్టించుకున్నారు మీవాళ్లు!"

"కట్టారు. ఇప్పుడేరీ? కోటుంది, వాళ్లు లేరు. నీళ్లకుండ మాత్రం నా ఇంట్లోనే ఉంది."

ఈ అవ్వతో వాదించి గెలిచినవాణ్ణి ముప్పై ఏళ్లలో నేను చూడలేదు. ఆర్నెల్లు లెక్కలు చెప్పి పోదామని వచ్చి, ఆవిడ ఇంటి పక్కగదిలో అద్దెకు దిగి, ఇంకా పోనివాణ్ణి నేను. ఆవిడకి ఎనభై ఒకటి. నాకు డెబ్బై దాటాయి. అయినా ఆ వసారాలో నా హోదా కుర్రాడి హోదాయే. అతిథి కోసం ముంచిన నీళ్లు మళ్లీ కుండలో పొయ్యకూడదు, పారబొయ్యకూడదు. ఇంట్లో ఉన్న మగవాడు తాగాలి. ఇంట్లో ఉన్న మగవాణ్ణి నేనే. కేప్ కోస్ట్‌లో డాక్టరు రోజుకి మూడు లీటర్లు తాగమన్నాడు. అందులో రెండు లీటర్లు దొంగల వాటాలోంచే తాగుతున్నాను.

దొంగలని ఎందుకంటున్నానంటే, అవ్వకి ఫోన్ చేసేవాళ్లలో సగం మంది వాళ్లే.

నేను చాలా రేవులు తిరిగాను. మొంబాసాలో జేబు కత్తిరించేవాళ్లనీ, బీరా రేవులో లంగరేసిన ఓడలోంచి చక్కెర బస్తాలు మాయం చేసేవాళ్లనీ ఎరుగుదును. చోరవిద్యని కళల్లో చేర్చిన మన పూర్వులు ఊరికే చేర్చలేదు. కన్నం వెయ్యాలంటే గోడ తెలియాలి, కుక్క తెలియాలి, చంద్రుడు ఎప్పుడు కుంకుతాడో తెలియాలి. ఇప్పటి దొంగకి అవేవీ అక్కర్లేదు. ఎక్కడో నీడపట్టున కూర్చుని, మన తలుపు మన చేతే తీయించి, మన చేతే మూట కట్టించుకుని, "థాంక్యూ మేడమ్" అనేసి పోతాడు. కళ కాస్తా గుమాస్తాగిరీ అయిపోయింది.

అవ్వకీ ఫోన్ ఎందుకు అంటారేమో. మోకాళ్ల వల్ల. నలభై ఏళ్లు పొయ్యిల దగ్గర వంగి చేపలకి పొగబెట్టిన మోకాళ్లు ఐదేళ్ల కిందట మొరాయించాయి. మా ఊళ్లో మనిషి తిండి లేకపోయినా బతుకుతాడు గాని చావుకి వెళ్లకపోతే బతకలేడు. శనివారం వచ్చిందంటే ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరి అంత్యక్రియలు. నల్లచీరో ఎర్రచీరో కట్టుకుని వెళ్లాలి, ఏడవాలి, పాడాలి, ఎవరు ఏ బట్ట కట్టారో చూడాలి. వెళ్లలేక అవ్వ నీరసించిపోయింది. అప్పుడు పెద్దకూతురు సెకీవా బొమ్మలు కనిపించే ఫోన్ కొని తెచ్చింది. సెకీవా టకొరాడీలో హెడ్‌మిస్ట్రెస్. ఇప్పుడు అంత్యక్రియలన్నీ ఫోన్‌లోనే చూపిస్తున్నారు గదా. శనివారం పొద్దున్నే అవ్వ స్నానం చేసి, నల్లగుడ్డ చుట్టుకుని, తలకి ఎర్రపట్టీ కట్టి, ఫోను ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. శవపేటిక కనిపించగానే లేచి నిలబడుతుంది. ఫోనులోని వాళ్లకి వినబడేలా ఏడుస్తుంది. మధ్యలో సిగ్నల్ పోతే ఏడుపు ఆపి, "మాస్టారూ, చావు ఆగిపోయింది, చూడు!" అని కేకేస్తుంది. 

ఆ ఫోనే ఆవిడకి కాళ్లు. అది తీసేస్తే ఆవిడ బతికున్న శవమే. ఇది గుర్తు పెట్టుకోండి.

పోయినేడు ఈస్టరు ముందు ఒకడు ఫోన్ చేశాడు. ఎల్మినాలో పెద్ద చేపల వర్తకురాలు పోయిందనీ, వచ్చే శనివారం ఆవిడ అంత్యక్రియలు ఫోన్‌లో చూపిస్తామనీ, ముఖ్యులకి మాత్రమే ముందువరస అనీ అన్నాడు. ముందువరసలో కూర్చోబెట్టాలంటే ఇప్పుడు ఫోనుకి ఆరంకెల కోడ్ వస్తుంది, అది చెప్పాలట. అవ్వ ముందు నీళ్లు పెట్టింది. వాడు ఏమన్నాడనుకున్నారు?

"తాగానవ్వా. చల్లగా ఉన్నాయి. మీ కుండ చల్లగా ఉండాలి" అన్నాడు.

ఆవిడ కరిగిపోయింది. ఆరంకెలూ చెప్పేసింది. తరవాత నేను నెత్తి కొట్టుకుంటుంటే, "అంత మర్యాద తెలిసినవాడు దొంగెలా అవుతాడు మాస్టారూ? నా సొంత మనవలు కూడా నీళ్లు చల్లగా ఉన్నాయని అనరు" అంది.

ఆ కోడ్ ముందువరసది కాదు, అవ్వ మెసేజీల ఖాతా తాళంచెవి. ఖాతా వాడి చేతిలోకి పోయింది. గంటలో అవ్వకి తెలిసినవాళ్లందరికీ అవ్వ పేరుతో, అవ్వ ఫొటోతో మెసేజీలు వెళ్లాయి: "ఆసుపత్రిలో ఉన్నాను, అర్జెంటుగా డబ్బు పంపండి, ఫోన్ చెయ్యకండి, మాట్లాడలేను." మాట్లాడలేను అన్నప్పుడే అనుమానం రావాల్సింది. అరబా అవ్వ మాట్లాడలేకపోవడమా! సాయంత్రానికల్లా ఊళ్లో సగం మంది కమలాపళ్లు పట్టుకుని పరామర్శకి వచ్చారు. వచ్చి చూస్తే రోగి ఆకులో చుట్టి ఉడికించిన మొక్కజొన్న కెంకే ముద్ద విప్పుకుని, వేయించిన చేపా మిరపపచ్చడీ పెట్టుకుని భోంచేస్తోంది. 

అందరూ నవ్వుకున్నారు. తవియా ఒక్కర్తె నవ్వలేదు. తవియా అంటే అవ్వ పక్క పొయ్యి ఆవిడ, యాభై ఏళ్ల స్నేహం. పొగపాక పైకప్పు వేయించుకోవడానికి దాచుకున్నదంతా మెసేజీ చూసిన నిమిషంలో పంపేసింది. ఆ సంగతి ఆమె మళ్లీ ఎత్తలేదు. ఆ వానాకాలం గోనెపట్టాల కింద చేపలు తిప్పుకుంది. ఎత్తకపోవడమే అవ్వకి ముల్లై గుచ్చుకుంది.

సెకీవా టకొరాడీ నుంచి ఊడిపడింది. ఖాతా వెనక్కి తెచ్చుకోవడానికి మా ఇద్దరికీ వారం పట్టింది. వెళ్తూ వెళ్తూ నన్ను పక్కకి పిలిచి, బడిపిల్లాడికి చెప్పినట్టు వేలు చూపించి చెప్పింది.

"మాస్టారూ, మీరు నేర్పండి. తెలియని నంబరు ఎత్తకూడదు. ఎత్తినా కోడ్ చెప్పకూడదు. ఇంకొక్కసారి అమ్మ నోట్లోంచి అంకె బయటికొచ్చిందని విన్నానా, ఈ ఫోన్ తీసేసి మీటల ఫోన్ చేతికిస్తాను."

"మీటల ఫోన్‌లో చావులు కనిపించవు గదమ్మా."

"కనిపించవు. నాకు తెలుసు." హెడ్‌మిస్ట్రెస్ చూపించిన వేలు దించేసింది. "కానీ ఇంకో తవియా గోనెపట్టాల కింద కూర్చోకూడదు."

ఆ రోజు నుంచి మొదలయ్యాయి నా కష్టాలు. బండరాళ్లలాంటి పిల్లలకి బీజగణితం చెప్పాను, ఏనాడూ ఇంత చెమట పట్టలేదు.

మొదట పెద్ద అక్షరాలతో కాయితం రాసి, ఫోను ఎదురుగా గోడకంటించాను. తెలియనివాళ్లతో మాట్లాడవద్దు. కోడ్ చెప్పవద్దు. లింకు నొక్కవద్దు. తొందరపెట్టేవాడు దొంగ. మర్నాడు దొంగ ఫోన్ చేశాడు. అవ్వ నీళ్లు పెట్టి, కళ్లజోడు తగిలించుకుని, కాయితం మొత్తం వాడికి చదివి వినిపించింది. "నువ్వు తొందరపెడుతున్నావు నాయనా. మా మాస్టారు ఇక్కడ అలాంటివాళ్ల గురించి ఏం రాశాడంటే..."

తరవాత రహస్యమాట. ఎవరైనా "నేను నీ మనవణ్ణి, ఆపదలో ఉన్నాను" అంటే, ఇంట్లోవాళ్లకి మాత్రమే తెలిసిన మాట ఒకటి అడగాలి, చెప్పలేకపోతే దొంగ. అవ్వకి ఈ ఉపాయం తెగ నచ్చింది. ఒక సామెత ఎంచుకుంది. అందరికీ చెప్పాం. పది రోజుల తరవాత నా చెవులతో నేను విన్నాను.

"అవునుగాని నాయనా, మా ఇంటి రహస్యమాట ఒకటుండాలి. నాకు గుర్తు రావట్లేదు. నీకేమైనా తెలుసా?"

చివరికి తెలియని నంబర్లని ఆపేసే ఏర్పాటు ఒకటి ఫోన్‌లో పెట్టించాను. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. అది దొంగల్ని వదిలేసి చర్చి పెద్దనీ, ఐసు అమ్మేవాణ్ణీ, కొత్త నంబరు తీసుకున్న సెకీవానీ ఆపేసింది. మూడోరోజు చూస్తే ఆ ఏర్పాటే లేదు. అవ్వే తీసేసింది! ఫోనులో అక్షరాలు పెద్దవి చేసుకోవడం ఏడాదైనా రాని మనిషి, ఇది మాత్రం ఎలా తీసిందో ఇప్పటికీ తెలియదు.

"తలుపు గడియపెట్టి మర్యాదేంటి మాస్టారూ" అంది.

ఇంకో విడ్డూరం. మొదట్లో వారానికి ఒక దొంగ వచ్చేవాడు. వానలు వెలిసేసరికి రోజుకి నలుగురు, ఐదుగురు. మంగళవారాలు మరీ ఎక్కువ. మంగళవారం మావాళ్లు సముద్రం మీదికి వెళ్లరు, ఊరంతా ఇళ్ల దగ్గరే ఉంటుంది. దొంగలకి కూడా ఈ లెక్క తెలుసా అని ఆశ్చర్యపోయాను. ఆవిడ నంబరు దొంగల సంతలో వేలం వేశారని తీర్మానించుకున్నాను. నా కడుపు ఎప్పుడు చూసినా కుండలా బొళబొళమంటూ ఉండేది.

ఒక మంగళవారపు సంభాషణ మచ్చుకి రాస్తాను. నేను అక్కడే కూర్చుని పళ్లు నూరుతున్నాను.

"హలో మేడమ్! ఫోన్ కంపెనీ నుంచి. పది నిమిషాల్లో మీ లైన్ కట్టయిపోతుంది. అర్జెంట్..."

"పది నిమిషాలుందిగా. నీళ్లు తాగు."

మౌనం. "హలో? హలో?"

"తాగావా?"

"తాగేదేంటి మేడమ్! కోడ్ చెప్పండి!"

"అయితే ఇంకా తాగలేదన్నమాట." మళ్లీ మౌనం.

"తాగానమ్మా! తాగేశాను! బాబోయ్!"

"చల్లగా ఉన్నాయా?"

"...ఉన్నాయి."

"ఇప్పుడు చెప్పు. పేరేంటి?"

"మిస్టర్ డొమినిక్."

"అది పాస్టరు పెట్టింది. పుట్టిన వారాన్ని బట్టేగా అసలు పేరు. ఏ వారం పుట్టావు?"

"శనివారం. మేడమ్, టైమ్ అయిపోతోంది..."

"శనివారం వాళ్లు మొండిఘటాలు. మా ఆయనా శనివారమే. మీ అమ్మది ఏ ఊరు?"

"మధ్యలో మా అమ్మెందుకు?"

"అమ్మ లేకుండానే పుట్టావా? తల్లి ఊరు చెప్పలేనివాడికి నా కోడెలా చెప్పను?"

"మాన్కెసిమ్."

"మాన్కెసిమ్‌లో సంత వైపా, చర్చి వైపా? ఏ వంశం? ఏం అమ్ముతుంది?"

"టమాటాలు..." అనేసి నాలిక్కరుచుకున్నాడు. ఆ నాలిక్కరుచుకున్న చప్పుడు నాకూ వినబడింది.

"పాపం. టమాటాలంటే నడుము విరుగుతుంది. ఆవిడకి తెలుసా నువ్వీ పని చేస్తున్నట్టు?"

"ఏ... ఏ పని?"

"అదే నాయనా. ఫోన్ కంపెనీలో."

ఫోన్ మోగి గోడ గడియారంలో అప్పటికి ముప్పావుగంట అయింది. "పెట్టేస్తున్నా" అన్నాడు వాడు నీరసంగా.

"అలా లేచిపోకూడదు. దారి అడిగి పోవాలి."

"దారివ్వండి తల్లీ! మీ కాళ్లు పట్టుకుంటా!"

"సగం దారి ఇచ్చాను. మిగతా సగం ఈసారి వచ్చినప్పుడు." మా ఊళ్లో వీడ్కోలు ఇంతే, మళ్లీ రావాలని సగమే ఇస్తారు.

మర్నాడు అవ్వే వాడికి ఫోన్ చేసింది. "శనివారం అబ్బాయీ, నిన్న క్షేమంగా చేరావా? అమ్మ నడుమెలా ఉంది?" వాడు ఆవిడ నంబరుని ఆపేశాడు. అంతకుముందు ముగ్గురు ఆపేశారు. దొంగల చేత తలుపులు వేయించుకున్న ముసలావిడ ఈ తీరంలో ఇంకొకరుంటారని నేననుకోను.

"అవ్వా, వాడు దొంగ!" అన్నాను గొంతు పగిలేలా.

"నేను కాదన్నానా?" అంది అవ్వ, గ్లాసు నా వైపు జరుపుతూ.

ఆ మాటలోని కిటుకు నాకు అప్పుడే తట్టాల్సింది. తట్టలేదు. నేర్పేవాళ్లకి చెవులు మందం.

అసలు గొడవ నవంబరులో వచ్చింది. సెకీవా చెప్పాపెట్టకుండా శనివారం దిగింది. అవ్వ నల్లగుడ్డలో ఉంది. అప్పుడే ఒక అంత్యక్రియ ముగిసింది, ఇంకొకటి మొదలవ్వాలి. ఈలోగా ఫోన్ మోగింది. నీళ్లయ్యాయి, వంశాలయ్యాయి. సెకీవా గుమ్మంలో అడుగు పెట్టేసరికి అవ్వ కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, స్పష్టంగా, బడిలో పాఠం అప్పగించినట్టు చెబుతోంది.

"రాసుకో నాయనా. రెండు. ఒకటి. నాలుగు. రాశావా? ఐదు. సున్నా. తొమ్మిది."

సెకీవా చేతిలోని సంచీ కింద పడింది. మూడంగల్లో వచ్చి ఫోన్ లాక్కుని ఆపేసింది. ఆ తరవాత అవ్వని ఒక్క మాట అనలేదు. నన్ను అంది.

"మాస్టారూ! ఇదా నేర్పింది?"

నేను గోడ మీద కాయితం వైపు చూశాను. కాయితం నా వైపు చూసింది.

అవ్వ "అది కోడ్ కాదే..." అని ఏదో చెప్పబోయింది. సెకీవా వినలేదు. ఫోన్ తన చేతిసంచీలో వేసి జిప్పు లాగింది. "అయిపోయిందమ్మా. సోమవారం మీటల ఫోన్ కొంటాను." అవ్వ నోరు మూసుకుని, తలకి కట్టిన ఎర్రపట్టీ విప్పి, మడతపెట్టి ఒళ్లో పెట్టుకుంది. రెండో అంత్యక్రియ ఎక్కడో ఆవిడ లేకుండానే జరిగిపోయింది. కోప్పడాలో జాలిపడాలో తెలియక ఎవరూ పిలవకుండానే రెండు గ్లాసుల నీళ్లు తాగాను.

ఆదివారం చర్చి వదిలాక వసారా ముందు అలికిడయింది. చూస్తే తెల్లచీరల్లో ఏడుగురు ముసలమ్మలు, వరసగా, పెద్దల సభకి వచ్చినట్టు నిలబడి ఉన్నారు. ముందు తవియా.

ఎంత హెడ్‌మిస్ట్రెస్ అయినా సెకీవా ఈ ఊరి పిల్లే. కుర్చీలు వేసింది. ఏడు గ్లాసుల నీళ్లు ఒక్కొక్కరికీ రెండు చేతులతో ఇచ్చింది. అందరూ తాగేదాకా ఆగింది. అప్పుడు అడిగింది. "మా వైపు చల్లగానే ఉంది పిన్నీ. దారిన పడి వచ్చినవాళ్లు మీరు. ఏం పని మీద వచ్చారు?"

తవియా గొంతు సవరించుకుంది.

"మంచిపని మీదే వచ్చామే సెకీవా. నిన్న మధ్యాహ్నం నుంచీ మీ అమ్మ ఫోన్ పలకట్లేదు. మా దొంగలు తిరిగి మా మీదే పడుతున్నారు. మేం ఎక్కడికి పంపాలి?"

"మీ... దొంగలా?"

"మా దొంగలే. ఎవడైనా ఫోన్ చేసి డబ్బన్నా, కోడన్నా, మేం వాదించం. 'నాకేం తెలుసు బాబూ, డబ్బంతా మా అక్క అరబా దగ్గరుంటుంది, ఆవిడకి చెయ్యి' అని ఈ నంబరిచ్చేస్తాం. నేనే నిన్న ఇద్దర్ని పంపాను."

"నేను మంగళవారాల్లో పంపుతాను" అంది వెనకవరసలోంచి ఒకావిడ. "మా ఆయన ఇంట్లో ఉంటాడు, దొంగ ఫోనొస్తే భయపడతాడు."

నేను వేళ్ల మీద లెక్క వేసుకున్నాను. వానలు వెలిశాక పెరిగిన దొంగలు! దొంగల సంతలో వేలం! ఇన్నాళ్లూ తాగిన నీళ్లన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి.

"ఎప్పటి నుంచి ఇది?" అంది సెకీవా.

"నా డబ్బు పోయిందే, ఆ నెల్లోనే" అంది తవియా. "మీ అమ్మ ఆ మోకాళ్లతో గడపగడపకీ నడిచింది. నేను వెంట పట్టుకుని నడిపించాను. ప్రతి ఇంట్లో ఒకటే మాట. 'నా పేరు చెప్పుకుని ఒకడు మీ ఇళ్లలో దూరాడు. ఇకనుంచి ఎవడొచ్చినా నా పేరే చెప్పి నా ఇంటికి పంపండి.' ఇంతే అంది. మళ్లీ ఎవరికీ చెప్పొద్దంది."

సెకీవా తల్లి వైపు తిరిగింది. అవ్వ పెళ్లిచూపుల్లో పిల్లలా చీరకొంగు చూసుకుంటోంది.

"మరి నిన్న చెప్పిన అంకెలేంటమ్మా?"

"చర్చి పాటల పుస్తకంలో కీర్తనల నంబర్లే. ఆరంకెలు కావాలన్నాడు. రెండు కీర్తనలు కలిస్తే ఆరంకెలు. మొదటిది తప్పిపోయిన గొర్రె మీద, రెండోది పశ్చాత్తాపం మీద. వాడు కొట్టి చూస్తాడు, పడదు. మళ్లీ అడుగుతాడు. ఇంకో రెండు కీర్తనలు చెబుతాను. పుస్తకం లావుగా ఉంది." అవ్వ తలెత్తింది. "వాడు నా దగ్గర గంట కూర్చున్నాడంటే, ఆ గంటసేపు ఇంకో ముసలిది హాయిగా చేపలు తిప్పుకుంటుందే. నాకు పనేముంది? చావులు శనివారమే కదా."

నేను తట్టుకోలేకపోయాను. "ఇదంతా నాకెందుకు చెప్పలేదవ్వా? ఈస్టరు నుంచి నెత్తి బాదుకుంటున్నానే!"

"నువ్వు నేర్పడానికి వచ్చావు మాస్టారూ. అడగడానికి రాలేదు. అయినా నీకు చెబితే దాన్ని కూడా కాయితం మీద రాసి గోడకంటిస్తావు. నేను మళ్లీ వాళ్లకి చదివి వినిపించాలి."

ఏడుగురు ముసలమ్మలూ పడీపడీ నవ్వారు. తవియా అందరికంటే గట్టిగా నవ్వింది.

సెకీవా చేతిసంచీ జిప్పు తీసింది. ఫోన్ తల్లి ఒళ్లో పెట్టింది. "చార్జింగ్ అయిపోయింది. వైరెక్కడ పెట్టావ్?" అని అడిగి, కళ్లు తుడుచుకోవడానికి లోపలికెళ్లింది. వైరు వసారాలోనే ఉందని నేను చెప్పలేదు.

ఆ సాయంత్రం ఖాతాకి రెండో తాళం వేశాం. దాని అంకెలు సెకీవాకీ నాకూ తప్ప అవ్వకి తెలియవు. ఆవిడే అలా చెయ్యమంది. "నాకు తెలియనిది నేను చెప్పలేను. కీర్తనలు చాలు" అంది.

సోమవారం సెకీవా టకొరాడీ బస్సెక్కింది. గురువారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. కొత్త గొంతు. దర్జాగా ఉంది. నీళ్ల దగ్గర కూడా విసుక్కోలేదు. ఏం పని మీద వచ్చావని అవ్వ అడిగింది.

"బ్యాంకు నుంచమ్మా. టకొరాడీలో హెడ్‌మిస్ట్రెస్ మేడమ్‌తో మాట్లాడాను. డబ్బు విషయాలు తనకేం తెలియవట. అంతా మా అమ్మే చూస్తుంది, ఆవిడకి చెయ్యమని ఈ నంబరిచ్చారు."

అవ్వ ఫోన్‌ని అరచేత్తో మూసి నా వైపు తిరిగింది. ఆ ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

"విన్నావా మాస్టారూ?" అంది గుసగుసగా. "పిల్లకి బుద్ధొచ్చింది."

ఆ పిల్లకి యాభై ఎనిమిదేళ్లు.